జింకల వేటకు సొంత తూటాలు: బుల్లెట్ ఎంపికలో నా అనుభవం

తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటానని చెప్పగానే ఇక్కడ అమెరికాలో మనవాళ్లు ముందుగా అడిగేది పౌడర్ (తూటాలో నింపే మందు) గురించే. ఇంట్లో పేలదా, పిల్లలు ఉన్నారు కదా అంటారు. వాళ్ల భయం న్యాయమైనదే, దాని జాగ్రత్తలు దానికి ఉన్నాయి. కానీ నన్ను ఎక్కువ కాలం ఆలోచనలో పెట్టింది పౌడర్ కాదు, తూటా కొనన కూర్చునే చిన్న లోహపు ముక్క. ఇత్తడి కేసు (తూటా గొట్టం), ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న మూత), పౌడర్, ఈ మూడూ తుపాకి దగ్గరే ఆగిపోతాయి. జింకను తాకేది బుల్లెట్ ఒక్కటే. అది సరిగ్గా పనిచేస్తే జంతువు క్షణాల్లో పోతుంది, చెయ్యకపోతే గాయంతో మైళ్లు తిరుగుతుంది. అందుకే ఈ ఒక్క విషయంలో తొందరపడకూడదని ముందే అనుకున్నాను.

నేనుండేది పెన్సిల్వేనియాలో. ఇక్కడ జింక అంటే వైట్‌టెయిల్. రైఫిల్ సీజన్ థ్యాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే శనివారం మొదలవుతుంది. 2019కి ముందు సోమవారం మొదలయ్యేది, పల్లె ప్రాంతాల్లో చాలా స్కూళ్లు ఆ సోమవారం సెలవే ఇచ్చేసేవి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం కాబట్టి, అక్కడ పెరిగిన నాకు ఇది కొంతకాలం మింగుడు పడలేదు. ఇక్కడి అడవుల్లో తోడేళ్లు లేవు, కూగర్లు (కొండ సింహాలు) లేవు. జింకలు పెరిగిపోతే అడవిలో మొలకన్నది మిగలదు. వాటి సంఖ్యను అదుపులో ఉంచడానికి రాష్ట్ర గేమ్ కమిషన్ లైసెన్సు ఉన్న వేటగాళ్ల మీదే ఆధారపడుతుంది. అది అర్థమయ్యాకే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సులో చేరాను.

చట్టం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం అంటుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. నేను గ్రీన్ కార్డు వచ్చాకే ఈ దారిలో అడుగు పెట్టాను. సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకం కోసం వ్యాపారంగా తయారు చేస్తే మాత్రం లైసెన్సు తప్పనిసరి.

నాది 308 వించెస్టర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి గుండుకూ బోల్ట్‌ను చేత్తో లాగాలి. పెన్సిల్వేనియాలో జింకల మీద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వాడనివ్వరు కాబట్టి ఇక్కడ ఎక్కువమంది చేతిలో కనిపించేది ఇలాంటిదే. 1952లో వచ్చిన ఈ క్యాలిబర్‌కు 0.308 అంగుళాల వ్యాసం ఉన్న బుల్లెట్ కావాలి. ఆ వ్యాసంలో దొరికినన్ని రకాలు మరే వ్యాసంలోనూ దొరకవేమో. 110 గ్రెయిన్ల నుంచి 200 దాటినవాటి దాకా ఉన్నాయి. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు, అంటే 150 గ్రెయిన్ల బుల్లెట్ పది గ్రాములకు కాస్త తక్కువ. షాపులో ఆ అర ముందు నిలబడ్డప్పుడు హార్నడీ ఎరుపు డబ్బాలు, సియెర్రా ఆకుపచ్చ డబ్బాలు, నోస్లర్, బార్న్స్, స్పీర్ అన్నీ వరసగా కనిపించాయి. ఏది తీసుకోవాలో తెలియక కాదు, ఏ లెక్కన తీసుకోవాలో తెలియక ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారు. వేటలోనే జీవితం గడిచింది. కేసు సైజింగ్ (కాల్చిన కేసును మళ్లీ కొలతకు తేవడం), ప్రైమర్ నొక్కడం, ప్రెస్ లాగడం అన్నీ ఆయన గ్యారేజీలోనే నేర్చుకున్నాను. ఏ బుల్లెట్ కొనమంటారని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేశారు. "నువ్వు కూర్చునే చోటి నుంచి నీకు కనిపించే చివరి చెట్టు ఎంత దూరం?"

మర్నాడు రేంజ్‌ఫైండర్ పట్టుకుని వెళ్లి చూశాను. ఓక్ చెట్ల మధ్య ఎటు చూసినా 120 గజాలు దాటలేదు. ఒక్క వైపు, పాత దుంగలు లాగిన దారి వెంట మాత్రం 180 వరకు కనిపించింది. అప్పటిదాకా నా చదువంతా బాలిస్టిక్ కోఎఫిషియంట్ మీదే సాగింది. గాలిని ఎంత బాగా చీల్చుకుపోతుందో చెప్పే అంకె అది. సన్నగా, పొడుగ్గా, ప్లాస్టిక్ కొనతో ఉండే బుల్లెట్లకు ఎక్కువ ఉంటుంది. 150 గ్రెయిన్లలోనే హార్నడీ మామూలు సాఫ్ట్ పాయింట్‌కు (కొన దగ్గర సీసం బయటికి కనిపించే రకం) 0.338, నోస్లర్ బాలిస్టిక్ టిప్‌కు 0.435. కాగితం మీద పెద్ద తేడా. లెక్క వేస్తే, సెకనుకు 2,800 అడుగుల వేగంతో బయల్దేరినవి వంద గజాల దగ్గర ఒకదానికొకటి సుమారు 60 అడుగుల వేగం తేడాలో ఉంటాయి. గురి పడే చోటులో తేడా కంటికి ఆనదు. వైట్‌టెయిల్ గుండె, ఊపిరితిత్తులు కలిపి ఎనిమిది అంగుళాల వలయమంత ఉంటాయి. నా అడవిలో ఆ అంకె కోసం పెట్టే ప్రతి డాలరూ దండగే. వ్యోమింగ్ మైదానాల్లో 400 గజాల మీద ప్రాంగ్‌హార్న్ వేటకు వెళ్లేవాళ్లకు దాని విలువ వేరు.

దూరం తేలాక మిగిలింది అసలు ప్రశ్న. దగ్గరి దూరంలో, అంటే వేగం ఇంకా బాగా ఉన్నప్పుడు తగిలే బుల్లెట్ లోపల ఏం చేస్తుంది?

వేట బుల్లెట్ తగలగానే ముందు భాగం విచ్చుకోవాలి. విచ్చుకుంటేనే ఊపిరితిత్తుల్లో వెడల్పైన గాయం చేసి రక్తపోటును ఒక్కసారిగా పడగొడుతుంది. చాలా రకాలు విచ్చుకోవడానికి సెకనుకు 1,800 అడుగుల వేగమైనా ఉండాలి. సీసాన్ని గట్టి లోహపు తొడుగు (జాకెట్) కప్పేసే, విచ్చుకోని ఫుల్ మెటల్ జాకెట్ సన్నని రంధ్రం చేసుకుని బయటికి పోతుంది, అందుకే పెన్సిల్వేనియాలో పెద్ద జంతువుల వేటకు దాన్ని నిషేధించారు. టార్గెట్ పోటీలకు వాడే మ్యాచ్ బుల్లెట్ల సంగతి కూడా అడుగుతుంటారు. కాగితం మీద అంత చక్కగా పడుతుంటే జింకకు ఎందుకు పనికిరాదని. సియెర్రా మ్యాచ్‌కింగ్ కొనకు చిన్న రంధ్రం ఉన్నా అది విచ్చుకోవడానికి పెట్టింది కాదు, తయారీ పద్ధతిలో మిగిలేది. ఒకసారి పగిలిపోతుంది, ఒకసారి అలాగే దూరిపోతుంది. ప్రాణం ఉన్న జంతువు మీద అలాంటి అనుమానం పెట్టుకోకూడదు.

విచ్చుకోవాలి, కానీ ముక్కలైపోకూడదు. ఈ రెండింటి మధ్య తూకమే వేట బుల్లెట్ల చరిత్రంతా. 1946లో జాన్ నోస్లర్ బ్రిటిష్ కొలంబియాలో మూస్ (భారీ దుప్పి) వేటకు వెళ్లినప్పుడు, బురద గట్టిన ఒక పోతు మీద ఆయన బుల్లెట్లు చర్మం దాటి లోపలికి పోలేదు. తిరిగొచ్చి జాకెట్ మధ్యలో అడ్డుగోడ పెట్టి కొత్త బుల్లెట్ చేశాడు. ముందు సగం విచ్చుకుపోయినా వెనక సగం చెక్కుచెదరకుండా లోతుకు దిగుతుంది. 1948లో అమ్మకానికి వచ్చిన ఆ పార్టిషన్ ఇప్పటికీ అర మీద ఉంది. పెద్దాయనకు దానిమీద అపార నమ్మకం. తర్వాత సీసాన్ని, రాగి జాకెట్‌ను అతుక్కుపోయేలా చేసిన బాండెడ్ బుల్లెట్లు వచ్చాయి, ఆ తర్వాత సీసమే లేని పూర్తి రాగివి.

నేను మొదట తీసుకున్నది మామూలు జాకెట్, సీసం గుజ్జు ఉన్న 150 గ్రెయిన్ల ప్లాస్టిక్ కొన బుల్లెట్. నా రైఫిల్ దాన్ని బాగా ఇష్టపడింది. వంద గజాల దగ్గర మూడు గుళ్లూ అంగుళం లోపే పడ్డాయి. వేటలోనూ మాట నిలబెట్టింది. అరవై గజాల దగ్గర పక్కకు తిరిగి నిలబడ్డ ఆడజింక ఉన్నచోటే కూలిపోయింది. వేటగాడిగా అంతకంటే కోరుకునేది ఉండదు.

మాంసం కోసేటప్పుడే నా ఆలోచన మారింది. బుల్లెట్ భుజం ఎముక అంచును తాకింది. ఆ దగ్గరి దూరంలో, ఆ వేగంలో అది లోపల విరజిమ్మినట్టు పగిలింది. ముందు కాలు మాంసమంతా గడ్డకట్టిన రక్తంతో నల్లబడి జారిపోతోంది, దాదాపు అంతా పారెయ్యాల్సి వచ్చింది. మా ఆవిడ బల్ల అవతల నిలబడి మెడ వైపు మాంసం ముక్కలు కోస్తూ ఆగింది. కత్తి మొన మీద నువ్వు గింజలో సగం కూడా లేని బూడిదరంగు రేకు.

"ఏమండీ, ఇది ఎముకా, సీసమా?"

వేలితో నొక్కితే వంగింది. సీసమే. గాయం ఉన్న చోటికి అది బాగానే దూరం.

"పిల్లలకు పెట్టే కూర ఇది. కనిపించింది కాబట్టి తీశాం, కనిపించనివి ఎన్ని ఉన్నాయో?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెడితే చాలా దూరం వెళ్లింది. 2008లో నార్త్ డకోటాలో వేటగాళ్లు దానమిచ్చిన జింక మాంసంలో సీసం రేణువులు కనిపించడంతో, ఆ మాంసం పంచొద్దని ఆరోగ్య శాఖ ఫుడ్ ప్యాంట్రీలకు (పేదలకు ఆహారం పంచే కేంద్రాలు) చెప్పింది. అదే ఏడాది మిన్నెసోటా సహజ వనరుల శాఖ గొర్రెల కళేబరాల మీద రకరకాల బుల్లెట్లు కాల్చి ఎక్స్‌రే తీసింది. త్వరగా విచ్చుకునే సీసం బుల్లెట్ల రేణువులు కంటికి కనిపించే గాయానికి చాలా దూరం దాకా చెదిరాయి. రాగి బుల్లెట్లు సీసం వదల్లేదు, వాటిలో వదలడానికి సీసమే లేదు. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉంటే ఫర్వాలేదు అనే హద్దేదీ లేదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. కాలిఫోర్నియాలో కాండర్ రాబందుల చావులు దీనికి తోడై, 2019 జూలై 1 నుంచి వేటలో సీసం వాడకాన్నే పూర్తిగా ఆపేశారు. పెన్సిల్వేనియాలో అలాంటి నిషేధం లేదు. ఎవరి నిర్ణయం వాళ్లది. తరతరాలుగా సీసం బుల్లెట్లతో కొట్టిన మాంసం తింటూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నా చుట్టూ ఉన్నారు, వాళ్లతో నాకు వాదన లేదు. నా ఇంట్లో మాత్రం చిన్నపిల్లలు ఏడాదంతా ఆ మాంసం తింటారు.

అలా రాగి వైపు తిరిగాను. ఇక్కడే తూటాలు సొంతంగా చేసుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. రాగి సీసం కంటే తేలిక. ఒక ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములుంటే రాగి 9 గ్రాములకు కాస్త తక్కువ. కాబట్టి అదే 150 గ్రెయిన్లకు రాగి బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది. తూటా మొత్తం పొడవు మేగజైన్‌లో (రైఫిల్‌లో తూటాలు నింపే పెట్టె) పట్టాలి, 308కి ఆ ప్రామాణిక గరిష్ఠ పొడవు 2.81 అంగుళాలు. దానికి మించి బయటికి పెట్టలేం కనుక ఆ అదనపు పొడవు కేసు లోపలికే దిగి పౌడర్ చోటును తినేస్తుంది. చోటు తగ్గితే ప్రెషర్ పెరుగుతుంది. పైగా రాగి, సీసంలా మెత్తగా బ్యారెల్ గాళ్లలోకి (బుల్లెట్‌ను తిప్పే లోపలి గాడులు) ఒదగదు. అందువల్ల 150 గ్రెయిన్ల సీసం బుల్లెట్‌కు రాసిన పౌడర్ లెక్కను 150 గ్రెయిన్ల రాగి బుల్లెట్‌కు వాడటం ప్రమాదం. బరువు ఒకటైతే లెక్క ఒకటే అనుకునేవాళ్లను చూశాను, చూసినప్పుడల్లా చెబుతున్నాను. సరిగ్గా ఆ బుల్లెట్ పేరుతో, ఆ కంపెనీ మాన్యువల్‌లో ఉన్న లెక్కే తీసుకోవాలి, అందులోనూ కనిష్ఠ అంకె దగ్గర మొదలుపెట్టాలి.

రెండో సంగతి బరువు. సీసం బుల్లెట్ తగిలాక తన బరువులో చాలా భాగం దారిలో పోగొట్టుకుంటుంది, ఆ నష్టం కోసమే మనం ముందే బరువైనది ఎంచుకుంటాం. రాగిది నాలుగు రెక్కలుగా విచ్చుకుని దాదాపు మొత్తం బరువుతో అవతలికి పోతుంది. కాబట్టి ఒక మెట్టు తేలికైనది తీసుకోవచ్చు. తేలికైతే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే రాగి బాగా విచ్చుకుంటుంది. రాగికి వేగమే ప్రాణం, నెమ్మదిగా తగిలితే అది మొండికేస్తుంది. ఈ లెక్కనే బార్న్స్ 130 గ్రెయిన్ల టీటీఎస్ఎక్స్ ఎంచుకున్నాను. పెద్దాయనకు ఆ డబ్బా చూపిస్తే చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"130? జింకకా?"

"అవునండీ. మీ 165 అవతలికి వెళ్లేసరికి మిగిలేదీ ఇంతే కదా."

ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. డబ్బా తిరిగిచ్చి, బ్యారెల్ శుభ్రం చేశావా అని అడిగారు.

ఆ మాట బంగారం. సీసం బుల్లెట్ల జాకెట్ వేరే మిశ్రమం, దాని పూత బ్యారెల్‌లో ఉండగా స్వచ్ఛమైన రాగి కాలిస్తే గుళ్లు చెదురుతాయి. కాపర్ సాల్వెంట్ (రాగిని కరిగించే ద్రవం) పోసి, నానబెట్టి, గుడ్డ ముక్కలు తోస్తే ముదురు నీలంగా బయటికొచ్చాయి. తోస్తున్న కొద్దీ నీలం లేతబడి, చివరికి తెల్లగా వచ్చేదాకా ఆపలేదు. ఆ సాయంత్రమంతా దానికే సరిపోయింది.

తర్వాత పౌడర్, ప్రైమర్ లేకుండా ఒక డమ్మీ తూటా చేశాను. మేగజైన్‌లోంచి సాఫీగా ఎక్కుతోందా, బుల్లెట్ బ్యారెల్ గాళ్లకు తగులుతోందా అన్నది చూడటానికి. రాగి బుల్లెట్‌కు గాళ్లకు ముందు కాస్త ఖాళీ కావాలి, సుమారు 0.05 అంగుళం వదిలి మొదలుపెట్టమని తయారుచేసేవాళ్లే చెబుతారు. అంత వదిలితే తూటా నా మేగజైన్‌లో చక్కగా పట్టింది. అప్పుడు మాన్యువల్ కనిష్ఠ లెక్క నుంచి చిన్న చిన్న మెట్లుగా పైకి వెళ్లాను. బల్ల మీద ఒకే పౌడర్ డబ్బా, ప్రతి మెట్టుకూ విడి సంచి, దాని మీద రాత. రేంజ్‌లో ప్రతి గుండు తర్వాత ఖాళీ కేసు చేతిలోకి తీసుకుని ప్రైమర్ అంచు గుండ్రంగానే ఉందా, చదునైపోయిందా అని చూశాను. బోల్ట్ ఎత్తడం ఏమాత్రం గట్టిపడినా అక్కడితో ఆపేసేవాడిని, ఆ అవసరం రాలేదు. 308కి 62,000 పీఎస్ఐ ప్రెషర్ హద్దు, అది చెంపకు ఆనించి పట్టుకునే ఇనుము లోపల జరిగే సంగతి.

గరిష్ఠ లెక్కకు ఇంకా దూరంగా ఉండగానే క్రోనోగ్రాఫ్‌లో వేగం 2,950 దాటింది, గుళ్లు అంగుళం చుట్టూ పడుతున్నాయి. అక్కడే ఆగిపోయాను. పాత ప్లాస్టిక్ కొన బుల్లెట్ అంత దగ్గరగా పడలేదు నిజమే. నా అడవికి, నా దూరాలకు ఆ తేడా పట్టించుకోదగ్గది కాదు.

సీజన్‌లో ఆరెంజ్ చొక్కా, టోపీ పెట్టుకుని దుంగల దారి పక్కన కూర్చున్నాను. దాదాపు తొంభై గజాల దగ్గర ఒక మగజింక పక్కకు తిరిగి ఆగింది. భుజానికి కాస్త వెనగ్గా, పక్కటెముకల మీద గురి పెట్టాను, ఎముక తప్పించాలని. తగిలిన చప్పుడు వినిపించింది. జింక పడలేదు. చెట్లలోకి పరుగెత్తింది. రాగి వాడేవాళ్లు దీనికి మానసికంగా సిద్ధపడాలి. సీసం బుల్లెట్‌తో నా ఆడజింక ఉన్నచోటే కూలింది, రాగితో ఇది కొద్ది దూరం పరుగెత్తింది. కాసేపు ఆగి వెళ్లి చూస్తే ఆకుల మీద రెండు వైపులా నురగతో కూడిన ఎర్రటి రక్తం, ఊపిరితిత్తుల గుర్తు. బుల్లెట్ అవతలికి దాటిందని దాన్నిబట్టే తెలిసింది. నలభై గజాల్లో జింక పడి ఉంది. కోసి చూస్తే లోపలికి వెళ్లిన రంధ్రం చిటికెన వేలంత, బయటికొచ్చింది బొటనవేలు దూరేంత. రెండు పక్కటెముకల మధ్య కొంచెం తప్ప మాంసం అంతా బాగుంది. రెండు భుజాలూ ఇంటికొచ్చాయి. మా ఆవిడ ముందు కాళ్ల మాంసంతో అల్లం వెల్లుల్లి గట్టిగా వేసి వేపుడు చేసింది. కత్తి మొన మీద ఏమీ తగల్లేదు.

ఖర్చు దాచను. రాగి బుల్లెట్లు మామూలువాటికంటే దాదాపు రెట్టింపు ధర, పైగా వందకు బదులు యాభై డబ్బాలో వస్తాయి. అందుకని ప్రాక్టీసుకు చవకైన సాఫ్ట్ పాయింట్లు, సీజన్ దగ్గరపడ్డాక బ్యారెల్ శుభ్రం చేసి రాగివి, ఇలా నడుపుతున్నాను. మారిన ప్రతిసారీ జీరో (గురి పెట్టిన చోటే గుండు పడేలా చేసుకున్న సర్దుబాటు) మళ్లీ చూసుకోవాల్సిందే, రెండూ ఒకేచోట పడవు. ఇప్పటికీ పార్టిషన్ డబ్బా ఒకటి అరలో ఉంది, పెద్దాయన ఇచ్చింది. ఎప్పుడైనా ఎల్క్ వేటకు పడమటికి వెళ్లే అవకాశం వస్తే దాన్నీ రాగినీ పక్కపక్కన పెట్టి మళ్లీ ఆలోచిస్తాను.

ఈ మధ్య మా ఆఫీసులో తెలుగు తమ్ముడొకడు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి 243 రైఫిల్ కొన్నాడు. "అన్నా, మీరు వాడే 130 నాకూ చెప్పండి, అదే తెప్పిస్తా" అన్నాడు. 243కి ఆ బుల్లెట్ పట్టదు, దాని వ్యాసమే వేరు. ముందు బ్యారెల్ ట్విస్ట్ (గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్నది) ఎంతో చూడమన్నాను. రాగి బుల్లెట్ పొడుగు కాబట్టి నెమ్మదిగా తిప్పే బ్యారెల్‌లో బరువైనది నిలకడగా పోదు. పది అంగుళాలకు ఒక చుట్టు తిప్పే బ్యారెల్ అయితే 80 గ్రెయిన్ల రాగి బాగుంటుంది. శనివారం రేంజ్‌ఫైండర్ తీసుకుని వాడు కూర్చోబోయే చోటికి ఇద్దరం వెళ్తున్నాం.